స్లాక్ ఎవరిది? ఒక ఇంటి పనుల షెడ్యూలు చెప్పే లెక్క

షెడ్యూలు కాగితం మీద ఒక పనికి ఎదురుగా స్లాక్ (చివరి తేదీ చెదరకుండా ఆ పని ఎంత ఆలస్యం కావచ్చో చెప్పే అంకె) 36 రోజులు అని కనబడగానే, ఆ పని చూసుకోవలసిన మనిషికి కాస్త నిశ్చింత కలుగుతుంది. "అంటే నాకింకా 36 రోజులు టైముందన్నమాట" అనుకుంటాడు, అనుకోవడమే కాక పైకి కూడా అంటాడు. నిర్మాణ పనుల ప్లానింగులో ఉన్నవాళ్లం ఈ మాట వింటూనే ఉంటాం. 36 అనే అంకెలో పొరపాటేమీ ఉండదు. చిక్కంతా "నాకు" అనడంలో ఉంది. స్లాక్ చాలాసార్లు ఒక్కొక్క పనికి విడివిడిగా ఇచ్చిన గడువు కాదు, ఒకదాని వెనుక ఒకటిగా నడిచే కొన్ని పనులన్నిటికీ కలిపి ఉన్న ఉమ్మడి వెసులుబాటు. లెక్కతో చూపిస్తే తప్ప ఈ సంగతి మనసుకు ఎక్కదు కాబట్టి, పెద్ద ప్రాజెక్టుల జోలికి పోకుండా, మనలో చాలామంది దగ్గరుండి చూసిన ఇంటి పనినే తీసుకుంటాను.

ఒక అంతస్తు ఇల్లు అనుకుందాం. పునాదులూ పిల్లర్లూ అయిపోయి, ఈ రోజే స్లాబు పోశారు. ఈ రోజును సున్నాగా లెక్కిద్దాం. సెంట్రింగ్ విప్పడానికి 14 రోజులు ఆగాలి. ఆ తరువాత ఇటుక గోడలకు 16 రోజులు, గోడల్లో గాడులు కొట్టి కరెంటు గొట్టాలూ నీటి పైపులూ దింపడానికి 6 రోజులు, లోపలి ప్లాస్టరింగుకు 13 రోజులు, దాన్ని తడపడానికి 7 రోజులు, ఫ్లోరింగ్ టైల్స్ పరచడానికి 10 రోజులు, తలుపు రెక్కలు బిగించడానికి 4 రోజులు, చివరగా రంగులకు 12 రోజులు. ఇది ఒక వరుస. దీనికి పక్కనే మరో మూడు వరుసలు నడుస్తాయి. గోడలు లేవగానే బయటి ప్లాస్టరింగ్ మొదలుపెట్టవచ్చు. దానికి 15 రోజులు, తడపడానికి 7 రోజులు పడుతుంది, రంగులవాళ్లు లోపలా బయటా ఒకేసారి దిగుతారు కాబట్టి అది రంగులకు ముందు పూర్తి కావాలి. వడ్రంగి తన దుకాణంలో తలుపు రెక్కలు తయారు చేయడానికి 35 రోజులు పడుతుంది, ఆ పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు. టైల్స్ ఎంచుకోవడానికి ఇంటివాళ్లకు 5 రోజులు, ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 15 రోజులు. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మీ మేస్త్రీ వేరే అంకెలు చెబుతాడు, చెప్పాలి కూడా.

ఇప్పుడు లెక్క రెండుసార్లు చేయాలి, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. ముందుకు వెళ్లేటప్పుడు ప్రతి పనీ ఎంత త్వరగా మొదలుకాగలదో, ఎంత త్వరగా ముగియగలదో చూస్తాం. ఒక పనికి ముందు రెండు మూడు పనులు పూర్తి కావలసి ఉంటే, వాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా ముగిసేదే లెక్కకు వస్తుంది. అలా చూస్తే సెంట్రింగ్ 14వ రోజుకు, గోడలు 30కి, పైపులు 36కి, లోపలి ప్లాస్టరింగ్ తడపడంతో సహా 56కి, టైల్స్ 66కి, తలుపులు 70కి, రంగులు 82కి పూర్తవుతాయి. బయటి ప్లాస్టరింగ్ తడపడంతో కలిపి 52వ రోజుకే, తలుపు రెక్కలు 35వ రోజుకే, టైల్స్ సరుకు 20వ రోజుకే సిద్ధమవుతాయి. వెనక్కి వచ్చేటప్పుడు 82వ రోజును కదల్చకుండా పట్టుకుని, ఏ పని ఎంత ఆలస్యంగా ముగిసినా ఆ తేదీ చెదరదో చూస్తాం. రంగులు 70న మొదలుకావాలి కాబట్టి బయటి ప్లాస్టరింగ్ తడపడం 70 వరకు ఆగవచ్చు. తలుపుల బిగింపు 66న మొదలుకావాలి కాబట్టి వడ్రంగికి 66 వరకు సమయం ఉంది. టైల్స్ పరచడం 56న మొదలు కాబట్టి సరుకు 56 లోపు వస్తే చాలు. ఈ రెండు లెక్కల మధ్య తేడాయే స్లాక్. బయటి ప్లాస్టరింగ్ వరుసకు 18 రోజులు, వడ్రంగికి 31, టైల్స్ కొనుగోలు వరుసకు 36. మొదట చెప్పిన పెద్ద వరుసలోని పనులన్నిటికీ సున్నా. ఆ సున్నా పనులనే క్రిటికల్ పనులని, అవి ఏర్పరిచే దారిని క్రిటికల్ పాత్ అని అంటారు. 82 రోజులు అనేది ఆ దారి పొడవే.

క్రిటికల్ అన్న మాట వినగానే అది కష్టమైన పనో, ఖరీదైన పనో అని అనుకోవడం సహజం. ఈ ఉదాహరణలో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేదీ, టేకు వాడితే బహుశా జేబుకు బాగా తగిలేదీ తలుపుల తయారీ. అది క్రిటికల్ కాదు. ఒక మనిషి కుర్రవాణ్ణి వెంట పెట్టుకుని నాలుగు రోజుల్లో ముగించే తలుపుల బిగింపు మాత్రం క్రిటికల్. గోడకు చేసిన ప్లాస్టరింగును తడుపుతూ కూర్చునే ఆ ఏడు రోజులు, అంటే నీళ్ల పైపు పట్టుకోవడం తప్ప ఎవరూ ఏమీ చేయనట్టు కనిపించే కాలం, అదీ క్రిటికలే. పని గొప్పతనంతో దీనికి సంబంధం లేదు, ఒక రోజు జరిగితే చివరి తేదీ ఒక రోజు జరుగుతుందా లేదా అన్నదే కొలత.

ఇక టైల్స్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే "నాకు 36 రోజులు" అన్న మాట ఎక్కువగా వినిపించేది ఇలాంటిచోటే. షెడ్యూలు కాగితంలో ఎంపికకు ఎదురుగా స్లాక్ 36 అని ఉంటుంది, సరుకు తెప్పించడానికి ఎదురుగానూ 36 అనే ఉంటుంది. రెండుసార్లు రాసినంత మాత్రాన 72 రోజులు ఉన్నట్టు కాదు. ఉన్నది ఒకటే 36, అది ఆ రెండు పనులకూ ఉమ్మడి. ఇంట్లో ఒకరికి లేతరంగు నచ్చి మరొకరికి చెక్క డిజైను నచ్చి, పెద్దవాళ్లు జారని టైల్స్ కావాలని పట్టుబట్టి, నాలుగు షోరూములు తిరిగి చివరికి 5 రోజుల్లో తేలవలసిన ఎంపిక 35వ రోజుకు తేలిందనుకుందాం. ఇంకా ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. గోడల్లో పైపుల పని నడుస్తోంది, చివరి తేదీ 82 గానే ఉంది. కానీ ఉమ్మడి స్లాకులో 30 రోజులు ఇంటివాళ్లే వాడేశారు, సరుకు తెప్పించేవాడికి మిగిలింది 6 రోజులు. ఇప్పుడు డీలరు "ఆ మోడల్ స్టాకులో లేదు, మరో పది రోజులు పడుతుంది" అన్నాడంటే, సరుకు 50వ రోజుకు బదులు 60వ రోజుకు వస్తుంది, టైల్స్ పని నాలుగు రోజులు జరుగుతుంది, ఇల్లు 86వ రోజుకు పూర్తవుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ తిట్టేది డీలరును. అతను ఆలస్యం చేసింది పది రోజులే, ఎంపికలో పోయినవి ముప్పై. ఆ ముప్పై రోజులూ ఏ లెక్కలోనూ ఆలస్యంగా నమోదు కాలేదు. ఒక వరుసలో ముందున్నవాడు స్లాకును చడీచప్పుడు లేకుండా ఖర్చు పెడతాడు, చివర ఉన్నవాడు దానికి సంజాయిషీ చెప్పుకుంటాడు. నా ఉద్యోగంలో చూసిన ఆలస్యపు తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

ఈ ఇబ్బందిని కనిపెట్టడానికి ప్లానింగ్ వాళ్లు రెండో అంకె కూడా లెక్క కడతారు. ఇంతవరకు చెప్పినది మొత్తం స్లాక్. తరువాతి పని మొదలు కావలసిన తొలి తేదీని కూడా కదిలించకుండా ఒక పని ఎంత ఆలస్యం కావచ్చో చెప్పేది ఫ్రీ స్లాక్. టైల్స్ ఎంపికకు మొత్తం స్లాక్ 36 అయినా ఫ్రీ స్లాక్ సున్నా, ఎందుకంటే ఎంపిక ఒక రోజు జరిగితే ఆర్డరు కూడా ఒక రోజు జరుగుతుంది. సరుకు తెప్పించడానికి ఫ్రీ స్లాక్ 36. బయటి ప్లాస్టరింగుకు ఫ్రీ స్లాక్ సున్నా, దాన్ని తడపడానికి 18. వడ్రంగి ఒక్కడే తన వరుసలో ఉన్నాడు కాబట్టి అతనికి రెండూ 31 రోజులే. "నాకు 31 రోజులుంది" అని చెప్పుకునే హక్కు ఈ ఇంట్లో నిజంగా ఉన్నది అతనికే. సాఫ్ట్‌వేర్లు ఈ రెండు అంకెలనూ చూపిస్తాయి, అయినా సైటుకు పంపే కాగితంలో చాలామంది మొత్తం స్లాకును మాత్రమే అచ్చు వేస్తారు. నా అభిప్రాయంలో అది తిరగేసి చేస్తున్న పని. పని చేసేవాడి చేతికి వెళ్లే కాగితంలో ఫ్రీ స్లాక్ ఉండాలి, మొత్తం స్లాక్ ప్రాజెక్టు నడిపే మనిషి దగ్గర ఉండాలి.

క్రిటికల్ పాత్ మొదటి రోజు గీసినట్టే చివరిదాకా ఉంటుందనుకోవడం మరో భ్రమ. వడ్రంగికి 31 రోజుల వెసులుబాటు ఉంది కదా అని ఎవరూ అతని దుకాణం వైపు తొంగి చూడలేదనుకోండి. పెళ్లిళ్ల సీజనులో మంచాల ఆర్డర్లు వచ్చి అతను 40 రోజులు ఆలస్యం చేశాడు. రెక్కలు 75వ రోజుకు వస్తాయి, బిగింపు 79కి, రంగులు 91కి. ఆలస్యం 9 రోజులు. గమనించవలసింది ఏమిటంటే, ఇప్పుడు క్రిటికల్ పాత్ వడ్రంగి దుకాణం నుంచి మొదలవుతుంది. ఇంతవరకు సున్నాలో ఉన్న గోడలకూ పైపులకూ లోపలి ప్లాస్టరింగుకూ టైల్స్‌కూ 9 రోజుల స్లాక్ పుట్టుకొస్తుంది. ఈ సంగతి తెలియని మేస్త్రీ, పాత కాగితం చూసి, ప్లాస్టరింగును తొందరగా ముగించాలని ఆదివారాలు కూడా డబుల్ కూలీ ఇచ్చి మనుషులను దింపుతాడు. ఆ డబ్బుకు ఒక్క రోజు కూడా కలిసి రాదు.

పైన చేసిన లెక్కలన్నిటిలో ఒక విషయాన్ని కావాలనే పక్కన పెట్టాను. లోపలి ప్లాస్టరింగ్ 36 నుంచి 49 వరకు, బయటి ప్లాస్టరింగ్ 30 నుంచి 45 వరకు నడుస్తాయని చెప్పాను. రెంటికీ వేరువేరు మేస్త్రీలు ఉంటే అది నిజం. కానీ మామూలుగా ఒక ఇంటికి ఒకే మేస్త్రీ, ఒకే ముఠా. వాళ్లు బయటి పని ముందుగా పూర్తి చేస్తే లోపలి పని 45న మొదలై, తడపడంతో సహా 65న ముగుస్తుంది, ఇల్లు 91వ రోజుకు వెళుతుంది. లోపలి పని ముందు చేస్తే బయటి పని 49న మొదలై 64న ముగుస్తుంది, తడపడం 71 వరకు సాగుతుంది, ఇల్లు 83వ రోజుకు పూర్తవుతుంది. 18 రోజుల స్లాక్ ఉందన్న పని, ఎవరూ ఒక్క రోజు కూడా బద్ధకించకుండానే, ఇంటిని ఆలస్యం చేసింది. మూడో దారి ఒకటుంది. గోడలు లేచాక లోపల పైపులవాళ్లు గాడులు కొట్టే ఆరు రోజులూ మేస్త్రీ ముఠాకు లోపల ఎలాగూ పని లేదు. ఆ ఆరు రోజులు బయట ప్లాస్టరింగ్ చేయించి, 36న లోపలికి పిలిచి, 49న మళ్లీ బయటికి పంపితే మిగిలిన తొమ్మిది రోజుల పని 58కి ముగుస్తుంది, తడపడం 65కి. ఇల్లు 82కే పూర్తవుతుంది, బయటి ప్లాస్టరింగుకు ఇంకా 5 రోజుల స్లాక్ మిగులుతుంది. పరంజా కొన్నాళ్లు ఊరికే నిలబడుతుంది, దాని అద్దె అదనం. కానీ కాగితం మీద 18 అన్నది నిజానికి 5 అని తెలియడమే ఇక్కడి అసలు లాభం. పనుల వరుసను మాత్రమే చూసి మనుషుల లెక్క చూడని షెడ్యూళ్లలో స్లాక్ ఎప్పుడూ ఉన్నదానికన్నా పెద్దగానే కనిపిస్తుంది.

ఈ పద్ధతి పుట్టింది 1950ల చివర అమెరికాలో, దాదాపు ఒకే కాలంలో రెండు చోట్ల. రసాయన పరిశ్రమ డ్యూపాంట్‌లో మోర్గన్ వాకర్, కంప్యూటర్లు చేసే రెమింగ్టన్ ర్యాండ్‌లో జేమ్స్ కెల్లీ కలిసి తయారు చేసినది క్రిటికల్ పాత్ పద్ధతి. వాళ్ల ముందున్న సమస్య ఖర్చుది: ఏ పనిని డబ్బు పెట్టి తొందర చేస్తే ప్రయోజనం, ఏ పని మీద పెట్టిన డబ్బు వృథా అన్నది. అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం 1958లో వాడుకలోకి తెచ్చిన పెర్ట్ పద్ధతి ముందున్న సమస్య వేరు: అంతకు ముందెవరూ చేయని పనులకు ఎన్ని రోజులు పడుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే పెర్ట్‌లో ఒక పనికి మూడు అంచనాలు అడుగుతారు. మన వడ్రంగిని అడిగితే, అన్నీ కలిసొస్తే 25 రోజులు, మామూలుగా 33, కర్ర దొరకక ఇబ్బంది పడితే 53 అంటాడు. మధ్య అంచనాను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 35 వస్తుంది. పైన నేను వాడిన అంకె అలా వచ్చిందే.

పెర్ట్‌లోనూ ఒక లోపం ఉంది, అది స్లాక్ గురించి చాలా చెబుతుంది. చివరి తేదీ అందుకునే అవకాశాన్ని అది ఒక్క క్రిటికల్ పాత్ ఆధారంగా లెక్కిస్తుంది. కానీ రంగుల పని మొదలుకావాలంటే అన్ని వరుసలూ వచ్చి కలవాలి. మూడు వరుసలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడుస్తూ, ఒక్కొక్కటి సమయానికి పూర్తయ్యే అవకాశం 80 శాతం ఉంటే, మూడూ సమయానికి పూర్తయ్యే అవకాశం 51 శాతమే. స్లాక్ కొద్దిగా మాత్రమే ఉన్న వరుసలు ఎన్ని ఎక్కువైతే అంత ప్రమాదం. షెడ్యూలులో ఎర్ర గీతతో చూపే క్రిటికల్ పాత్ ఒక్కటే చూసి, రెండు మూడు రోజుల స్లాక్ ఉన్న వరుసలను పచ్చ రంగులో వదిలేసే అలవాటు అందుకే నాకు నచ్చదు. పైన చెప్పిన 5 రోజుల బయటి ప్లాస్టరింగును నేను క్రిటికల్ పనిగానే చూస్తాను.

తొందర చేయడం గురించి వాకర్, కెల్లీ అడిగిన ప్రశ్నకు మన ఇంట్లోనే జవాబు చూడవచ్చు. మరో టైల్స్ మేస్త్రీని తెచ్చి 10 రోజుల పనిని 8 చేస్తే ఇల్లు రెండు రోజులు ముందుకు వస్తుంది. బయటి ప్లాస్టరింగుకు మనుషులను పెంచి 15 రోజులను 10 చేస్తే స్లాక్ పెరుగుతుంది తప్ప తేదీ కదలదు. పైపులు, టైల్స్, తలుపుల బిగింపు పనులను ఎంత కుదించినా లాభం ఒక మేరకే. ఒకే ముఠా ఉన్న లెక్కలో ఐదు రోజులు కుదించగానే బయటి ప్లాస్టరింగ్ కూడా క్రిటికల్ అవుతుంది, ఆపైన రెండు చోట్లా డబ్బు పెట్టాలి. కొన్ని క్రిటికల్ పనులను డబ్బు అసలు కదిలించలేదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడు, ఆరు మీటర్ల లోపు బీముల కింది ఊతాలను 14 రోజులకు ముందు తీయకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆరు మీటర్లు దాటితే 21 రోజులు. ఎంతమంది కూలీలను దింపినా కాంక్రీటు గట్టిపడే వేగం మారదు, ఆ 14 రోజుల్లోంచి రెండు రోజులు లాగుదామనే మేస్త్రీ మాట వినకూడదు.

ఇంతవరకు చివరి తేదీని పనులే నిర్ణయించాయి. మన దగ్గర చాలాసార్లు దాన్ని పంచాంగం నిర్ణయిస్తుంది. గృహప్రవేశ ముహూర్తం 95వ రోజున ఉంటే క్రిటికల్ పనులకు కూడా 13 రోజుల స్లాక్ ఉంటుంది. 75వ రోజున ఉంటే వాటి స్లాక్ మైనస్ 7. మైనస్ స్లాక్ చూడగానే సాఫ్ట్‌వేరులో తప్పుందని కొట్టిపారేసేవాళ్లున్నారు. నిజానికి అది, ఏదో ఒకచోట ఏడు రోజులు తగ్గించకపోతే ముహూర్తానికి రంగులు పూర్తికావని ముందుగానే చెప్పే అంకె. ముహూర్తం జ్యేష్ఠంలో చివరిదైతే లెక్క ఇంకా కఠినం. ఒక్క రోజు ఆలస్యం ఒక్క రోజుతో ఆగదు, ఆషాఢంలో గృహప్రవేశాలు చేయరు కాబట్టి శ్రావణం దాకా, అంటే నెలకు పైగా జరుగుతుంది. నదుల మీద పని చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. గోదావరిలో వరద రాకముందే నీటిమట్టం పైకి తేవలసిన నిర్మాణం జూన్ నాటికి ఆ మట్టానికి రాకపోతే, నష్టం రోజుల్లో కాదు, ఒక పని సీజనులో లెక్కించాలి. అలాంటి తేదీలకు ముందున్న వరుసలో పది రోజుల స్లాకును పదిగా చదవకూడదు.

ఇక స్లాక్ ఎవరిదన్న ప్రశ్న. యజమాని అడిగిన మార్పుల వల్ల స్లాక్ ఖర్చయిపోయి, తరువాత కాంట్రాక్టరు ఆలస్యమైతే తప్పెవరిది? బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో వెలువరించి 2017లో సవరించిన ప్రోటోకాల్ (ఆలస్యపు తగాదాలకు మార్గదర్శకం) ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, యజమాని వల్ల జరిగిన ఆలస్యం స్లాకును సున్నాకన్నా కిందికి దించినప్పుడే, ఆ మేరకే కాంట్రాక్టరుకు గడువు పెంచాలి. అంటే స్లాక్ ప్రాజెక్టుది, ముందు ఎవరికి అవసరం పడితే వాళ్లు వాడుకుంటారు. న్యాయంగా తోచే మాటే కానీ వరుసలో చివర నిలబడ్డవాడికి ఇది పెద్ద ఊరట కాదు. ఇల్లు కట్టించేవాళ్లు ఇంత దూరం వెళ్లనక్కరలేదు, మేస్త్రీతో నోటిమాటగానైనా రెండు తేదీలు అనుకుంటే సరిపోతుంది: టైల్స్ ఫలానా రోజుకు తేల్చకపోతే ఆపైన పోయే రోజులు ఇంటివాళ్లవి, సరుకు సైటుకు చేరాక పోయే రోజులు మేస్త్రీవి. ఆ మధ్యలో డీలరు తీసుకునే రోజులను 15కు బదులు 25గా వేసుకుని, ఎంపికను 31వ రోజుకల్లా తేల్చాలని ఇంట్లో ముందే చెప్పి ఉంచడం మంచిది.